అరవై ఒకటో కుర్చీ

ప్రొజెక్టరుకు రంగు రావడం లేదని నేనే కనిపెట్టి, ఆ ఒక్క మాట మీద పదిహేను వందలు తగ్గించి, రంగు రాదని తెలిసి తెలిసి కొనుక్కొచ్చిన మొనగాడు కరీంనగర్‌లో నేను కాక ఇంకొకడుంటే తీసుకురండి, శాలువా కప్పుతాను. స్టీలు సామాన్ల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ణి. నడక రాకముందే గిన్నెను వేలితో కొట్టి మందం చెప్పేవాడినని మా అవ్వ గిరాకీలతో అంటుంది. అబద్ధమే, కానీ అమ్మకానికి పనికొస్తుందని నేనెప్పుడూ కాదనలేదు.

బోథ్‌లో ఒక పెళ్లివారింటికి బిందెలూ బకెట్లూ దింపి వస్తూ ఇచ్చోడలో చాయ్‌కి ఆగాను. హోటలు పక్కన పాత ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. ఫ్యాన్ల రెక్కల మధ్య ఒక ప్రొజెక్టరు కనిపించింది. నాకు అవసరం లేదు. అవసరం లేని వస్తువు దగ్గరే బేరం బాగా సాగుతుంది, మొహంలో ఆశ కనపడదు కాబట్టి.

"ఎంత సేటూ?"

"ఎనిమిది వేలు, భావూ. కొత్తదైతే ఇరవై."

"జర పెట్టి చూపియ్యి."

సేటు దాన్ని స్టూలు మీద పెట్టి గోడకు తిప్పాడు. ఎవరో పాతసామాన్లతో పాటు ఇచ్చిపోయారట. దానికి గుచ్చిన పెన్‌డ్రైవ్ కూడా ఊడకుండా అలాగే ఉంది. బొమ్మ పడింది. పెద్ద రాతి ఇల్లు, వాన, గుర్రపుబండి దిగుతున్న ఒక ఆడమనిషి. అంతా నలుపు, తెలుపు, బూడిద.

"రంగేది?" అన్నాను.

సేటు వంగి చూశాడు. డబ్బాను అటు తిప్పి, ఇటు తిప్పి, చివరకు నెత్తిన ఒక్కటి చరిచాడు. ఆ ఆడమనిషి బూడిద రంగులోనే గొడుగు తెరుచుకుని లోపలికి పోయింది.

"నిన్నటిదాంక వచ్చింది భావూ" అన్నాడు. నిన్నటిదాకా అతను దాన్ని పెట్టి చూడనే లేదని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు.

"రంగు లేనిదానికి ఎనిమిది వేలా? పెండ్లిల పెడితే పెండ్లిపిల్ల చీర ఏ రంగో ఎట్ల తెలుస్తది?"

"ఏడున్నర ఇయ్యి."

"సేటూ, ఇది కుంటి గుర్రం. కుంటి గుర్రానికి నడిచే గుర్రం ధర చెప్తున్నవ్."

ఆరున్నర వేల దగ్గర తెగింది. పెన్‌డ్రైవ్ ఊడితే నీదే అన్నాడు సేటు. ఊడకపోతే కూడా నాదే కదా అన్నాను. ఇంటిదాకా ఆ మాటను తలుచుకుని నవ్వుకుంటూ వచ్చాను.

నా భార్య పుట్టింది గోదావరి ఒడ్డున బొగ్గు గనుల కాలనీలో. మాట తక్కువ. డబ్బాను ఒక్కసారి చూసి, తన ఫోన్ దానికి తగిలించి, రోజూ చూసే సీరియల్ పెట్టింది. గోడ మీద అత్తగారి పాత్ర చిలకపచ్చ పట్టుచీరలో, ఎర్రటి బొట్టుతో, పసుపుపచ్చటి సోఫాలో ప్రత్యక్షమైంది.

"రంగు మంచిగనే వస్తుంది గద" అంది.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది అసలు రంగులే లేని కాలం నాటి ఇంగ్లీషు సినిమా అని అప్పుడు అర్థమైంది.

"అంటే మంచిగున్న డబ్బాను చెడిపోయిందని ఆయనను నమ్మిచ్చి, నువ్వు కూడ నమ్మి తెచ్చినవ్. ఇండ్ల మోసం చేసింది ఎవరు, మోసపోయింది ఎవరు?"

"పదిహేను వందలు తగ్గినయి గద!"

"గదే అడుగుతున్న" అని వంటింట్లోకి పోయింది.

నాలుగు మధ్యాహ్నాలు ఆ సినిమా చూశాను. భోజనాల వేళ దుకాణం షట్టరు సగం దింపి, వెనక గోదాములో ప్రెషర్ కుక్కర్ల అట్టపెట్టెల మీద తెల్ల దుప్పటిని తెరలా కట్టి. నాకొచ్చిన ఇంగ్లీషు దుకాణం ఇంగ్లీషు. అయినా సినిమా అర్థమైంది, ఎందుకంటే అది స్టాకు లెక్క గురించిన సినిమా.

ఒక ముసలి జమీందారు చచ్చిపోతాడు. ఆయన ఇంట్లో సామాను వేలం వేయాలి. వేలానికి ముందు ప్రతి వస్తువూ రాసుకుని ధర కట్టడానికి ఒక ఆడమనిషిని పంపుతారు. ఆమె ఒక్కతే ఆ ఇంట్లో ఉండి లెక్క రాస్తుంది. భోజనాల గదిలో కుర్చీలు ఎనిమిది. మర్నాడు సరిచూస్తే తొమ్మిది. కొట్టేసి తొమ్మిది అని రాస్తుంది. గ్లాసులు పన్నెండు రాస్తే పదమూడు అవుతాయి. ఎవరూ కనిపించరు. ఒక్క తలుపు కూడా కిర్రుమనదు. ఆమె కలం పట్టుకుని కాగితం వైపు చూస్తూ ఉంటుంది, అంతే.

నాకు మొదటి రోజే చెమట పట్టింది. దుకాణదారుల పిల్లలకే తెలుస్తుంది ఆ భయం. స్టాకు తగ్గితే దొంగ అంటాం, పనివాళ్లను అడుగుతాం, గొడవ పడతాం, పోలీసులూ ఉన్నారు. స్టాకు పెరిగితే ఎవర్ని అడుగుతాం?

రెండోసారి చూస్తున్నప్పుడు మా బాపు గుర్తుకొచ్చాడు. బాపు మంచి సరుకును ఎప్పుడూ ముందు పెట్టేవాడు కాదు. గిరాకి పది గిన్నెలు చూసి పెదవి విరిచాక, గొంతు తగ్గించి, "ఉన్నది గని... లోపలున్నది" అనేవాడు. కదిలేవాడు కాదు. గిరాకి మెడ సాచి లోపలికి చూసేది. ఆ చీకట్లో గోనెసంచులు తప్ప ఏమీ కనపడవు. అయినా సగం బేరం అక్కడే అయిపోయేది. ఈ సినిమా తీసిన మహానుభావుడు ఎవరో గానీ, రెండు గంటలూ "లోపలున్నది" అనే అంటాడు. చివరిదాకా తెచ్చి చూపించడు. మన సినిమాల్లో దయ్యం మొదటి రీలులోనే జుట్టు విరబోసుకుని కౌంటరు ఎక్కి కూర్చుంటుంది. ఇక మిగతా సినిమా అంతా తగ్గింపు ధరే.

ఇదంతా నా భార్యకు వివరించాను. అంతా విని, "నాలుగు రోజుల సంది మధ్యాహ్నం గిరాకి వాపస్ పోతుంది. దాన్ని తీస్కపోయి సేటుకే ఇచ్చిరా" అంది.

నేను బతిమాలాను. చివరికి తనే ఒక బేరం పెట్టింది.

"మా కాలనీల ఒక్క ఆట ఆడియ్యి. అయిపోయినంక మా బాపు నోటితోని 'సినిమ చూసి భయపడ్డ' అనాలె. అంటే డబ్బా మనింట్లుంటది. అనకపోతే సోమవారం పొద్దుగాల ఇచ్చోడ బస్సు ఎక్కాలె."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గానీ నాకు వెలగలేదు. మా మామ ముప్పై ఏళ్లు భూమి లోపల పని చేసిన మైనింగ్ సర్దార్. గనిలో గాలి పరీక్షించడం, గ్యాసు ఉందో లేదో చూడడం, షిఫ్టుకు ఎందరు దిగారో అందరూ పైకొచ్చారో లెక్క చూసుకోవడం ఆయన పని. వెలుతురే లేనిచోట ముప్పై ఏళ్లు గడిపిన మనిషిని దుప్పటి మీద బొమ్మతో భయపెట్టాలి. బేరమాడడం నేను మా బాపు దగ్గర నేర్చుకున్నాను. ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో ఇప్పటికీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కాలనీ హాలులో ఆట. కిటికీలకు వెలుతురు రాకుండా తాడిపత్రులు కట్టించాను. టెంట్ హౌజ్ నుంచి అరవై ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. దించుతున్నప్పుడు మామా నేనూ చెరోవైపు నిలబడి లెక్కపెట్టాం. అరవై. ఇంగ్లీషు చెప్పడానికి సిస్టరమ్మను పిలిచాం. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, కాలనీ పక్కన మెథడిస్టు చర్చిలో పాటలు పాడిస్తుంది. ముందు వరుసలో కూర్చుని ప్రతి మాటకూ గట్టిగా అర్థం చెప్పేది.

"'ఎవరది' అంటుంది. ఎవ్వరు లేరు. ఉన్నా గని ప్రార్థన చేసుకుంటే పోతరు, ఆమె చేస్తలేదు."

"అట్లన్నదా సిస్టరమ్మా?"

"అది నేనంటున్న."

కుర్చీలు తొమ్మిదైనప్పుడు నేను మామ మొహం చూశాను. ఆయన వక్కపొడి నములుతున్నాడు. "రాసుకునేటోళ్లే తప్పు రాసి ఉంటరు. జీతాలాఫీసోళ్లు మస్తు రాస్తరు గిట్ల" అని వెనక ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. నాకు ఇచ్చోడ బస్సు కండక్టరు గొంతు వినిపించింది.

గంట దాటాక సినిమాలో ఆమె నేలమాళిగ తలుపు తెరిచింది. ఏళ్ల తరబడి మూసి ఉన్న తలుపు. లోపల మెట్లు, చీకటి. ఆమె ఒక కొవ్వొత్తి వెలిగించి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

హాలులో గుసగుసలు ఆగిపోయాయి. నవ్వులూ ఆగిపోయాయి. వక్కపొడి నమిలే చప్పుడు కూడా ఆగింది. దుకాణంలో పుట్టినవాణ్ణి కదా, గిరాకి చిక్కిందని లోపల గంతులేశాను.

"ఏయ్! దీపం!" అని ఎవరో అరిచారు.

మామ లేచి నిలబడ్డాడు. "మూసేసిన గనిల అంటుపెట్టిన దీపం తీస్కపోతుంది! గాలాడదు అండ్ల. ఆర్పమనున్రి!"

"అన్నా, ఆమెకు తెలుగు రాదు" అంది సిస్టరమ్మ.

"మీకు ఇంగ్లీషు వస్తది గద, మీరు చెప్పున్రి!"

సిస్టరమ్మ నిజంగానే లేచి, దుప్పటి వైపు తిరిగి, ఇంగ్లీషులో ఆర్పమని కేక వేసింది. తెర మీది ఆమె వినలేదు. రెండో మెట్టు దిగింది. హాలు మొత్తం లేచింది. బీడీ కాదు కదా, అగ్గిపెట్టె జేబులో ఉన్నా గని ముందరే పట్టుకుని వెనక్కి పంపే ఊరు అది. నాకు భయం వేసి సినిమా ఆపేశాను. బొమ్మ నిలిచిపోయింది: చీకటి మెట్లు, ఆమె చెయ్యి, కదలని మంట.

మామ దుప్పటి దగ్గరకు పోయి ఆ మంటను చూశాడు. "గ్యాసుంటే మంట మీద నీలం టోపీ లెక్క వస్తది. నీలం ఉన్నదా?"

"ఇది నలుపు తెలుపు సినిమ మామా. రంగు లేదు."

"రంగు లేకపోతే గ్యాసు ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది అల్లుడా?"

అరవై మంది ఆ బూడిద రంగు మంట చుట్టూ నీలం ఉందో లేదో తెలియక చూస్తూ నిలబడ్డారు. ఇచ్చోడ సేటుతో నేను ఏ లోపం చూపించి బేరమాడానో, ఆ లోపమే ఇక్కడ అంతమందిని వణికించింది. రంగు ఉంటే తెలిసిపోయేది. తెలిసిపోతే ఇంటికి పోయేవాళ్లు.

"మల్ల షురు చెయ్యి" అన్నాడు మామ, కూర్చోకుండా. "ఆ పిల్ల పైకొచ్చేదాంక ఎవ్వరు ఇంటికి పోవద్దు."

ఎవరూ పోలేదు. గని ముందర నిలబడ్డట్టే నిలబడ్డారు. కింద ఆమెకు ఏం ఎదురైందో, ఏ పీపా వెనక ఏ నీడ ఉందో ఒక్కరూ చూడలేదు. అందరి కళ్లూ మంట మీదే. గాలికి కొవ్వొత్తి దానంతటదే ఆరిపోయింది. సినిమాలో అది అన్నిటికంటే భయంకరమైన క్షణం. మా హాలులో చప్పట్లు మోగాయి. ఆమె చీకట్లో తడుముకుంటూ పైకొచ్చినప్పుడు ఒకామె కళ్లు తుడుచుకుంది.

తర్వాత సినిమా ఎవరికీ పట్టలేదు. ఆమె లెక్క ముగించి, వేలం కానిచ్చి, తన ఊరు చేరి, తన చిన్న గదిలో దీపం వేస్తుంది. ఆమెవి రెండు కుర్చీలు. అక్కడ మూడు ఉంటాయి. అంతటితో అయిపోతుంది. నాకు అయిదోసారి కూడా వెన్ను జలదరించింది. హాలులో జనం చెప్పులు వెతుక్కుంటున్నారు.

"మామా, భయపడ్డవా?" అని అందరి ముందే అడిగాను.

"దీపానికి పరేషాన్ అయిన. నిజమే."

"అంటే సినిమ చూసి భయపడ్డట్టే గద!"

"అది భయం గాదు బిడ్డా, జాగ్రత్త. జాగ్రత్తకు భయమని పేరు పెట్టకు."

నా భార్య వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతివేళ్లతో స్టీరింగు తిప్పినట్టు తిప్పింది. సోమవారం బస్సు.

నేను వాదించాను. దీపం పెట్టింది సినిమావాడే కదా అన్నాను. కొనేటప్పుడు డబ్బాకు రంగులేదన్నవాడివి, అమ్మేటప్పుడు దీపం కూడా దయ్యంలో కలిపి అమ్ముతున్నావా అంది నా భార్య. కాలనీవాళ్లు ఆమె పక్షానే నవ్వారు. ప్రొజెక్టరు వైరు చుట్టడం మొదలుపెట్టాను.

టెంట్ హౌజ్ ఆటో వచ్చింది. జనం వెళ్లిపోయారు. అత్తమ్మ చాయ్ పెట్టడానికి ఇంటికి పోయింది. మామ కుర్చీలు పదేసి దొంతరలుగా పేర్పించి లెక్క చెప్పాడు. పది, ఇరవై, అరవై. ఆగాడు. ఒక కుర్చీ మిగిలింది.

మళ్లీ లెక్కపెట్టాడు. అరవై ఒకటి.

నేను లెక్కపెట్టాను. అరవై ఒకటి.

"దించినప్పుడు ఎన్ని?"

"అరవై మామా. మనిద్దరం చూసినం."

ఆటో డ్రైవరు తన కాగితం తీసి చూపించాడు. "నాయి అరవై. ఎక్కువది నేను తీస్కపోను. రేపు ఎవలన్న వచ్చి దొంగతనం అంటరు."

మామ మూడోసారి లెక్కపెట్టాడు, ఒక్కో కుర్చీనీ చేత్తో ముట్టుకుంటూ. ఒకప్పుడు షిఫ్టు దిగాక మనుషుల భుజాలు అలాగే ముట్టుకునేవాడేమో. ఆయన మొహంలో అప్పటిదాకా నేను చూడనిది కనపడింది. మిగిలిన ఆ కుర్చీ ఒంటరిగా హాలు మధ్యలో, దుప్పటి వైపు తిరిగి ఉంది.

"నౌకరీల ఒక్కడు తక్కువొచ్చిన దినాలు చూసిన" అన్నాడు మామ నెమ్మదిగా. "తక్కువొస్తే ఏం చెయ్యాల్నో తెలుసు. మల్ల దిగుతం, దేవులాడుతం. ఒకటి ఎక్కువొచ్చింది ఎన్నడు చూడలే. ఏం చెయ్యాలె?"

అదే కదా నేను నాలుగు మధ్యాహ్నాలుగా దుప్పటి ముందు కూర్చుని అడుక్కుంటున్న ప్రశ్న. మంచి అమ్మకంలో అక్కడ నోరు మూసుకోవాలని బాపు నేర్పాడు. కానీ నిజం చెప్పాలంటే నేను మూసుకోలేదు, మాటే రాలేదు.

మామ బిడ్డ వైపు తిరిగాడు. "ఆ సినిమ చూడకుంటే గీ లెక్క చూసి నవ్వుకునేటోన్ని. భయపడ్డ. డబ్బా ఉంచుకోమను." గుమ్మం దాటి ఆగి, "ఆ కుర్చీ గూడ మీరే తీస్కపోన్రి" అన్నాడు.

చాయ్‌కి కూడా ఆగకుండా హాలు నుంచే బస్టాండుకు పోయాం, దారిలో కాలనీవాళ్లెవరూ దాన్ని తమదనలేదు. బస్సులో కండక్టరు దానికి అరవై రూపాయలు అడిగాడు. బేరమాడలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకోమని మాత్రం ఎవరూ అనకూడదని మొక్కుకున్నాను.

వారం తర్వాత అత్తమ్మ ఫోన్ చేసింది. "వరండల ఎర్ర కుర్చీ కనపడ్తలేదు బిడ్డా. సిస్టరమ్మకు నడుం నొప్పి, టెంట్ హౌజ్ కుర్చీలు వంగుతయని ఆట నడుమ నేనే హాలుకు పంపిన. ఎవలు తీస్కపోయిన్రో."

ఫోన్ స్పీకరులో ఉంది. నా భార్య కుర్చీ వైపు చూసింది, ప్రొజెక్టరు వైపు చూసింది, నా వైపు చూసింది.

చెప్పకుండా ఉండొచ్చు. ఒక రాత్రి అలాగే అనుకున్నాను. మర్నాడు మామకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, డబ్బా ఇచ్చోడకు పంపమంటే పంపుతానన్నాను.

"భయపడ్డది పడ్డనే గద" అన్నాడు. "వాపస్ తీస్కునేటందుకు అది బిందెనా, బకెటా? మీ అత్త కుర్చీ మాత్రం పంపియ్యి."

ఒక లెక్క సరిదిద్దాక రెండోది కుదురుగా ఉండనివ్వలేదు. బోథ్‌కు మళ్లీ సరుకు దింపిన రోజు ఇచ్చోడలో దిగి సేటు ముందు పదిహేను వందలు పెట్టాను. డబ్బాకు రంగు మంచిగానే వస్తుందని, సినిమాకే రంగు లేదని చెప్పాను. సేటు నోట్లను ముట్టుకోలేదు. నా వెనక ఎవరైనా ఉన్నారా అని రోడ్డు చూశాడు.

"ఏం మతలబ్ భావూ? అది దొంగమాలా? పోలీసు గిట్ల వచ్చిండా?"

"ఏం లేదు సేటూ. నీకు రావాల్సినయి."

"కొన్నోడు పైసలు ఎక్కువ ఇస్తుండు అంటే ఏందో ఉన్నది" అని నోట్లను మూడుసార్లు లెక్కపెట్టాడు. నాకు చాయ్ చెప్పాడు, తను తాగలేదు. ఈ మొత్తం వ్యవహారంలో సినిమా చూడకుండానే భయపడ్డవాడు ఆయనొక్కడే.

ఇక లెక్క. ప్రొజెక్టరు ఆరున్నర వేలు. సేటుకు వాపసు పదిహేను వందలు. అరవై కుర్చీల కిరాయి నాలుగు వందల ఇరవై. ఆటో మూడు వందలు. కుర్చీకి బస్సులో పోను అరవై, రాను అరవై. నాలుగు మధ్యాహ్నాల గిరాకి ఎంత పోయిందో తెలియదు, అందుకే రాయడం లేదు. మొత్తం ఎనిమిది వేల ఎనిమిది వందల నలభై. బేరంలో మిగిలింది సున్నా.